చీకటిగది లేని ఛాయాచిత్రము: తక్షణ ఫిల్ముతో తొలి ప్రయోగములు

హైదరాబాదు నగరమున చాదర్‌ఘాట్ వద్ద మూసీనదిపై 1831లో కట్టబడిన పాత వంతెన కలదు. సాయంకాలమున ఆ ప్రాంతమున నిలిచి పడమటి దిక్కునకు చూచినచో, సూర్యునికి అడ్డముగా నడచు మనుష్యులందరును నల్లని బొమ్మలవలె కాన్పింతురు. ముఖములు తెలియవు, ఆకారములు మాత్రమే తెలియును. సాధారణముగా ఫొటో తీయువారు దీనిని లోపముగా భావింతురు. కాని తక్షణ ఫిల్ము గల కెమేరా చేతిలోనున్న విద్యార్థికి ఈ నల్లదనమే పెట్టుబడి. అది యెట్లో తెలియుటకు ముందుగా, ఆ ఫిల్ములో జరుగు రసాయన చర్యను గ్రహింపవలెను.

చీకటిగది ఎక్కడకు పోయినది?

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్‌దయాళ్ (1844-1905) ఈ విద్య నేర్చిన కాలమున గాజుపలకపై రసాయనమును పూసి, తడి ఆరకముందే చిత్రమును తీసి, వెంటనే కడుగవలసి యుండెను. అందుచే ఛాయాచిత్రకారుడు పోయిన చోటికెల్ల చీకటిగుడారము కూడ పోవుచుండెను. తరువాత పొడిపలకలు, ఫిల్ము చుట్టలు వచ్చినవి. గుడారము తప్పినది గాని చీకటిగది తప్పలేదు.

1943లో అమెరికా దేశమున ఎడ్విన్ లాండ్ అను శాస్త్రజ్ఞుని మూడేండ్ల కుమార్తె, తీసిన బొమ్మను అప్పుడే ఏల చూడరాదని తండ్రిని అడిగెనట. ఆ ప్రశ్నకు సమాధానముగా ఆయన తక్షణ చిత్రణ విధానమును రూపొందించి, 1947 ఫిబ్రవరి 21న న్యూయార్కులో శాస్త్రజ్ఞుల యెదుట ప్రదర్శించెను. మరుసటి సంవత్సరము పోలరాయిడ్ కెమేరా అంగడికి వచ్చినది. 1972 నుండి చిత్రము ఒకే అట్టగా బయటికి వచ్చి, పగటి వెలుతురులోనే కన్నుల యెదుట తేలు విధానము అమలులోనికి వచ్చినది. 2008లో పోలరాయిడ్ సంస్థ ఈ ఫిల్ము తయారీని నిలిపివేసెను. అయితే నెదర్లాండ్సులోని ఎన్‌స్కెడే పట్టణపు కర్మాగారమున కొందరు ఉత్సాహవంతులు దానిని మరల ఆరంభించిరి. జపానుకు చెందిన ఫూజీ సంస్థవారి ఇన్‌స్టాక్స్ ఫిల్ము 1998 నుండి లభించుచున్నది.

రంగులు తేలు విధము

పోలరాయిడ్ చిత్రపు అడుగున, తెల్లని అంచులో, చిన్న సంచి యొకటి దాగియుండును. అందు చిక్కని క్షారద్రవము కలదు. చిత్రము కెమేరానుండి వెలువడునప్పుడు రెండు ఉక్కు రోలర్లు ఆ సంచిని చిదిపి, ద్రవమును పలుచగా పరచును. చీకటిగదిలోని తొట్లు చేయు పని యంతయు ఈ పలుచని పొరయే చేయును.

ఫిల్ములో వెండి లవణముల పొరలు మూడు కలవు. ఒకటి నీలికాంతికి, ఒకటి ఆకుపచ్చకాంతికి, మూడవది ఎఱ్ఱకాంతికి స్పందించును. వీనికి తోడుగా వరుసగా పసుపు, ముదురు గులాబి, ఆకాశనీలము అను మూడు రంగుద్రవ్యములు ఉండును. కాంతి సోకిన చోట వెండి లవణము రంగును అక్కడనే బంధించును. సోకనిచోట రంగు క్షారములో కరిగి పై పొరకు చేరును. ఎఱ్ఱని పూవును తీసినప్పుడు ఆకాశనీలము మాత్రమే బంధింపబడును. మిగిలిన పసుపు, గులాబి రంగులు పైకి చేరి ఎఱుపుగా కాన్పించును. కాంతి యెంతమాత్రము సోకనిచో మూడు రంగులును చేరి నలుపగును. పూర్తిగా సోకినచో ఒక్కటియు చేరదు. వెనుకనున్న టైటానియం డయాక్సైడు తెల్లదనమే కాన్పించును. ఇన్‌స్టాక్స్‌లో రసాయన మార్గము కొంత వేరైనను ఫలితము ఇదియే.

దీనినుండి ఒక సూత్రము తేలుచున్నది. వెలుగు నలుపును తెలుపు చేయగలదు. తెలుపును మరల నలుపు చేయలేదు. క్రింది ప్రయోగములలో మొదటి రెండింటికిని ఇదియే ఆధారము.

మొదటి ప్రయోగము: జంట చిత్రణము

ఒకే ఫిల్ముపై రెండుమారులు చిత్రము తీయు అమరిక కొన్ని కెమేరాలలో కలదు. వంతెన దగ్గర సాయంకాలపు ఆకాశమునకు ఎదురుగా మిత్రుని నిలిపి, ఫ్లాషు లేకుండ మొదటి చిత్రము తీయవలెను. ఆకాశము తెల్లబడును, మిత్రుని ఆకారము నల్లగా మిగులును. పిమ్మట అదే ఫిల్ముపై వేపకొమ్మను గాని, పాత రాతికట్టును గాని దగ్గరనుండి తీయవలెను. ఆకాశముండిన చోట ఇక మార్పు కలుగదు. నల్లని ఆకారములో మాత్రము ఆకులు నిండును. మనిషి ఆకుల మనిషి యగును. రెండు చిత్రములకును పూర్తి వెలుగు ఇచ్చినచో వివరములు వెలిసిపోవును గావున, వెలుగును తగ్గించు మీట యున్నచో ఒక మెట్టు తగ్గించుట మేలు.

రెండవ ప్రయోగము: వెలుగు గీతలు

1938లో మొదలై, నాంపల్లి ప్రదర్శన మైదానమున జరుగు పారిశ్రామిక ప్రదర్శనకు ‘నుమాయిష్’ అని పేరు. అది సాధారణముగా జనవరి 1న ఆరంభమగును. అక్కడి రంగుల రాట్నము రాత్రివేళ ఈ ప్రయోగమునకు అనుకూలము. కెమేరాను కదలకుండ ఒక దిమ్మెపై నుంచి, ‘బల్బు’ అను అమరికతో కొన్ని సెకండ్లపాటు కటకమును తెరచి యుంచవలెను. తిరుగు దీపము పోయిన దారియంతయు ఫిల్ముపై వెలుగు వలయముగా నిలుచును. దాని ముందు నడచిపోవు జనుల జాడ మాత్రము దాదాపు కనబడదు. వారినుండి వచ్చు కాంతి ఏ ఒక్క చోటను చాలినంత చేరకపోవుటయే కారణము.

మూడవ ప్రయోగము: పొరను ఎత్తుట

ఇది పోలరాయిడ్ చిత్రములకు తగినది. పూర్తిగా తేలిన చిత్రపు తెల్లని అంచులను కత్తిరించి, నల్లని వెనుకభాగమును మెల్లగా ఊడదీయవలెను. ముందరి పారదర్శక రేకును చేయి ఓర్చునంత వేడినీటిలో ఉంచి, తెల్లని పూతను మెత్తని కుంచెతో తొలగింపవలెను. కొంతసేపటికి బొమ్మ గల జిలటిన్ పొర ఉల్లిపొరవలె విడి నీటిలో తేలును. దాని క్రిందుగా దళసరి చిత్రలేఖన కాగితమును చొప్పించి పైకెత్తి, ముడుతలు సరిచేసి ఆరనీయవలెను. లోపలి ద్రవము క్షారము గావున రబ్బరు తొడుగులు తప్పక ధరింపవలెను. కంటికి తగులనీయరాదు. ఉపాధ్యాయుడు దగ్గర నుండవలెను.

ఎండ చేయు హాని

రసాయన చర్య వేగము ఉష్ణోగ్రతపై ఆధారపడును. పోలరాయిడ్ ఫిల్మునకు 13 మొదలు 28 సెంటీగ్రేడు డిగ్రీల వరకు అనుకూలమని తయారీదారుల సూచన. ఇన్‌స్టాక్స్‌కు ఈ పరిమితి 5 నుండి 40 డిగ్రీలు. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటు దినములు కలవు. అట్టి వేడిలో పోలరాయిడ్ చిత్రము పసుపు, ఎఱుపు జీరలకు తిరుగును. చలి యెక్కువైనచో రంగులు చాలినంతగా పైకి చేరక చిత్రము పాలిపోయి, నీలిజీర పొందును. కావున వేసవిలో ఫిల్మును చల్లని పెట్టెలో కొనిపోవుట, ఉదయముననే చిత్రములు తీయుట, వెలువడిన చిత్రమును వెంటనే నీడలో బోర్లించి యుంచుట అవసరము. ఫిల్మును శీతలయంత్రములో దాచవచ్చును, గడ్డకట్టనీయరాదు.

పోలరాయిడ్ పెట్టెలో 8, ఇన్‌స్టాక్స్ పెట్టెలో 10 ఫిల్ములు మాత్రమే ఉండును. వీనికి నెగెటివు లేదు. చెడినది చెడినట్లే; మరొక ప్రతి తీయుటకు మూలము ఉండదు. పొరను ఎత్తునప్పుడు మూలచిత్రమే నశించును గనుక ముందుగా దానికి ఒక నకలు తీసికొనుట మంచిది. తరగతిలో నలుగురు విద్యార్థులకు ఒక పెట్టె ఇచ్చి, ప్రతి చిత్రమునకు ముందు తాము ఆశించు ఫలితమును, కాలమును, ఉష్ణోగ్రతను నోటుపుస్తకములో వ్రాయించినచో బాగుండును. ఆశించినది ఒకటి, వచ్చినది వేరొకటి యైనప్పుడు కారణమును వెలుగులో వెదకవలెనా, వేడిలో వెదకవలెనా, తమ చేతిలో వెదకవలెనా యని వారు చర్చింతురు. ఆ చర్చ జరిగినచో చెడిపోయిన చిత్రము కూడ వృథా కాదు.