కొసరు వెల ఎంత?

కార్వాన్ అనే పేరులోనే వర్తకం ఉన్నది. గోల్కొండ కోటకూ మూసీ ఒడ్డుకూ నడుమ బిడారులు దిగి సరుకు దింపుకొనిన పేట కనుకనే దీనికి ఆ పేరు వచ్చినదని పెద్దలు చెబుతారు. కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల వర్తకులు ఇక్కడ నివసించినారు. 1671లో నిర్మితమైన టోలీ మసీదు నేటికీ ఆ వైభవానికి సాక్షిగా నిలిచి ఉన్నది. అట్టి పేటలో పుట్టి పెరిగిన మనకు బేరం కొత్త కాదు. బేరం ముగిసిన పిమ్మట దక్కే కొసరు కూడా కొత్త కాదు.

కూరగాయలు తూచి సంచిలో పోసిన తరువాత అమ్మే ఆమె తనంతట తానే రెండు కరివేపాకు రెమ్మలు వేస్తుంది. అది కొసరు. అది బేరం ముగిసిన తరువాత వచ్చును. దానికొరకు మనం కూరగాయలు కొనలేదు. అది లేకున్నను ధర మారదు. కాని నేడు కార్వాన్ నుండి మెహిదీపట్నం వరకు సెల్‌ఫోను దుకాణాల ముందు వ్రేలాడుతున్న ప్రకటనలలోని 'ఉచితం' ఈ జాతికి చెందినది కాదు. ఫోను కొనినచో చేతి గడియారం ఉచితం, చెవిలో పెట్టుకొనే సాధనం ఉచితం, సంవత్సరం చందా ఉచితం. ఇవి బేరానికి ముందే వచ్చును. బేరానికి మనలను లాగుకొని వచ్చుటకే వచ్చును. కొసరుకూ ఎరకూ గల ఈ భేదాన్ని తెలియజెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇంటి లెక్క

గత సంవత్సరం మా నాన్నగారు నా చదువు నిమిత్తం ఒక ఫోను కొనినారు. ధర 14,999 రూపాయలు. దానితో పాటు '2,999 రూపాయల విలువ గల' చేతి గడియారం ఉచితమని బోర్డుపై వ్రాసి ఉన్నది. "అంకుల్, వాచీ ఫ్రీగానే వస్తుంది, వాయిదాలకు వడ్డీ కూడా లేదు, తీసుకోండి" అని దుకాణం కుర్రవాడు నచ్చజెప్పినాడు. పన్నెండు వాయిదాలకు నాన్నగారు సంతకం చేసినారు. ఆ సంతకాలలో ఒకటి 199 రూపాయల ప్రాసెసింగ్ రుసుముకు, మరొకటి నెలకు 99 రూపాయల చొప్పున ఫోను రక్షణ పథకానికి అని మాకు తరువాత తెలిసినది. నాలుగు నెలలు గడచిన పిదప బ్యాంకు పాసుపుస్తకం చూచి నేను లెక్క వేసినాను. ఫోను 14,999, రుసుము 199, రక్షణ పథకం ఏడాదికి 1,188. వెరసి 16,386 రూపాయలు. అదే ఫోను గడియారం లేకుండా రొక్కానికి కోఠీలోని వేరొక దుకాణంలో 13,499 రూపాయలకు లభిస్తున్నది. వ్యత్యాసం 2,887 రూపాయలు. అందులో రక్షణ పథకాన్ని తీసివేసినను 1,699 రూపాయలు మిగులుతున్నవి.

గడియారం రెండవ నెలలోనే ఆగిపోయినది. దుకాణానికి తీసుకొనిపోగా, "ఫ్రీ వస్తువుకు గ్యారంటీ ఉండదు" అన్నారు. బిల్లు తీసి చూచితిమి. అందులో గడియారం పేరే లేదు. నాన్నగారు ఏమీ అనలేదు. చెల్లెలి పరీక్ష ఫీజుకని దాచిన డబ్బులో నుండి ఆ నెల వాయిదా కట్టినారు. ఈ వ్యాసం వ్రాయవలెనని నాకు ఆనాడే తోచినది.

ఉచితం ఎక్కడి నుండి వచ్చును?

వర్తకుడు దాత కాడు. కానవసరం కూడా లేదు. ఉచితంగా ఇచ్చిన వస్తువు ఖరీదును అతడు ఎక్కడో ఒకచోట రాబట్టుకొనవలెను. అందుకు సాధారణంగా మూడు మార్గాలు కలవు.

మొదటిది, అసలు వస్తువు ధరలోనే దానిని కలుపుట. ఇతర దుకాణదారులు ఇచ్చే తగ్గింపును మనకు ఇవ్వకుండుట కూడా ఇట్టిదే. ఇచట గరిష్ఠ చిల్లర ధర అనే మాటను సరిగా గ్రహింపవలెను. పెట్టెపై ముద్రించిన ధర అమ్మదగిన అత్యధిక ధర మాత్రమే. అది ఆ వస్తువు విలువ కాదు. 2,999 అని ముద్రించిన గడియారం బజారులో అంతకంటె చాల తక్కువకు దొరకవచ్చును. 'విలువ' అనే మాటను ప్రకటనలో చూచినప్పుడు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకొనవలెను.

రెండవది, వాయిదాల చాటున దాచుట. వడ్డీ లేని అప్పు అనే భావనయే అసంగతమని భారతీయ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు పంపిన ఉత్తర్వులో స్పష్టం చేసినది. వడ్డీ కనబడకున్నచో అది రుసుము రూపంలోనో, మనం వదులుకొనిన తగ్గింపు రూపంలోనో ఉండి తీరును.

మూడవది, చందా. ఇది అన్నిటికంటె సూక్ష్మమైనది. వస్తువు ఒక్కసారి వచ్చును. చెల్లింపు ప్రతి నెలా పోవును. మొదటి నెలలు ఉచితమని కార్డు సంఖ్యను తీసుకొని, గడువు తీరగానే తనంతట తానే డబ్బు కోసుకొనే ఏర్పాటు ఇందులోనిదే.

వీనికి తోడు, పూర్వం పెట్టెలోనే ఉండిన వస్తువును వేరు చేసి, దానినే తిరిగి బహుమతిగా చూపుట కూడా కలదు. 2020 అక్టోబరులో ఆపిల్ సంస్థ తన ఫోను పెట్టె నుండి చార్జరును, చెవి సాధనాన్ని తొలగించినది. అదే మాసంలో మన దేశంలో పండుగ కానుకగా, ఒక పాత నమూనా ఫోనుతో ఎయిర్‌పాడ్స్ ఉచితమని ప్రకటించినది. తరువాత ఇతర సంస్థలలో పెక్కు చార్జరును తొలగించినవి. నేడు దుకాణదారు చార్జరును 'ఉచితంగా' ఇచ్చినచో, నిన్న మనకు హక్కుగా దక్కినదే నేడు కానుకగా వచ్చినదని గ్రహింపవలెను.

ఫోనూ చందా: కొంత చరిత్ర

మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31న జరిగినది. ఎనిమిదేండ్ల తరువాత, 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ సంస్థ 501 రూపాయలు ముందు చెల్లించినచో ఫోను చేతికిచ్చే పథకాన్ని ప్రవేశపెట్టినది. మిగిలిన సొమ్ము నెలవారీ బిల్లులతో కట్టవలెను. సామాన్యుని చేతికి ఫోను వచ్చుటలో ఈ పథకం పాత్రను కాదనలేము. కాని బిల్లులు కట్టలేక విడిచిపెట్టినవారు అనేకులు; సంస్థకు రాని బాకీలు పేరుకొనిపోయినవి. చందాను లెక్కించక వస్తువును మాత్రమే చూచినచో ఇరుపక్షాలకూ నష్టమేనని ఆ అనుభవం చెప్పుతున్నది.

2017 జులైలో జియోఫోన్ ప్రకటింపబడినది. 1,500 రూపాయలు ధరావతు. మూడేండ్ల తరువాత అది తిరిగి వచ్చును కనుక ఫోను ధర వాస్తవానికి సున్నా అని చెప్పినారు. అయితే నాటి ముఖ్య పథకం నెలకు 153 రూపాయలు. ముప్పది ఆరు నెలలు దానినే కొనసాగించినవాడు 5,508 రూపాయలు చెల్లించును. ఇది అన్యాయమని నా భావం కాదు. అందుకు ప్రతిఫలంగా సేవ లభించినది. కాని ఫోను వెల సున్నా అనుట వేరు, ఫోను వాడుక వెల సున్నా అనుట వేరు.

ఫోనులో ఈ-మెయిల్ చరిత్ర కూడా ఇట్టిదే. 2004లో బ్లాక్‌బెర్రీ సేవ ఎయిర్‌టెల్ ద్వారా మన దేశానికి వచ్చినప్పుడు, ఫోనుకు ఒక ధర, చేతిలోనికి ఉత్తరాలు తెచ్చినందుకు నెలనెలా వేరొక రుసుము. 2022 జనవరి 4న పాత బ్లాక్‌బెర్రీ ఫోనుల సేవలను ఆ సంస్థ నిలిపివేసినది. వస్తువు చెడలేదు, సేవ పోయినది. సేవపై ఆధారపడిన వస్తువుకు ఆయుర్దాయం సేవ చేతిలో ఉండును.

నేడు ఈ-మెయిల్‌కు రుసుము లేదని మనం అనుకొంటాము. గూగుల్ ఖాతాలో 15 గిగాబైట్ల స్థలం ఉచితమే. కాని ఆ స్థలం ఉత్తరాలకూ, ఛాయాచిత్రాలకూ, దస్త్రాలకూ ఉమ్మడి. వీడియోలతో అది నిండినచో కొత్త ఉత్తరాలు రావు. స్థలం ఖాళీ చేయవలెను, లేదా చందా కట్టవలెను. ప్రవేశాలు, పరీక్షలు, ఉపకార వేతనాల సమాచారం ఈ-మెయిల్ ద్వారా అందుకొనే విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు.

2025 జులైలో ఎయిర్‌టెల్ తన చందాదారులకు 17,000 రూపాయల విలువ గలదని చెప్పి పర్‌ప్లెక్సిటీ ప్రో సేవను ఒక సంవత్సరం ఉచితంగా ప్రకటించినది. అదే సంవత్సరం అక్టోబరులో జియో, గూగుల్ సంస్థలు 35,100 రూపాయల విలువ గలదని చెప్పి కృత్రిమ మేధా సేవను 18 నెలలు ఉచితమన్నవి. అందుకు అపరిమిత 5జి పథకంలో కొనసాగవలెను. తొలుత ఈ అవకాశం 18 నుండి 25 ఏండ్ల వయసు వారికే తెరచినారు. అనగా మనకే. విద్యార్థి దశలో అలవాటు అయిన సేవను గడువు తీరిన పిమ్మట విడువలేడనే ఆలోచన ఇట్టి పథకాల వెనుక ఉండుట సహజం. వాడుకొనుటలో తప్పు లేదు. గడువు తేదీని వ్రాసి ఉంచుకొనకపోవుట తప్పు.

చట్టం ఏమనుచున్నది?

ఉచితం పేరిట జరిగే మోసాన్ని మన శాసనకర్తలు చాలకాలం క్రిందటనే గుర్తించినారు. 1969 నాటి గుత్త వ్యాపార నియంత్రణ చట్టాన్ని 1984లో సవరించి, అనుచిత వ్యాపార పద్ధతులలో దీనిని చేర్చినారు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోను, 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి చట్టంలోను ఆ భావమే కొనసాగినది. మొత్తం లావాదేవీలో వసూలు చేసిన సొమ్ములో పూర్తిగా గాని కొంత గాని ఇమిడి ఉన్న వస్తువును ఉచితమని నమ్మించుట అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకుండుట కూడా అంతే.

2022 జూన్‌లో వెలువడిన తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణ మార్గదర్శకాలు మరింత స్పష్టంగా ఉన్నవి. కట్టగా అమ్మే వస్తువుల ధరలో చేరి ఉన్న దేనినీ ఉచితమని చెప్పరాదు. ఉచితం పొందుటకు వినియోగదారుడు ఏమేమి ఒప్పుకొనవలెనో స్పష్టం చేయవలెను. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర ప్రాధికార సంస్థ తొలిసారి పది లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. 2023 నవంబరు నాటి మరియొక మార్గదర్శకాలలో, చేరుట సులభం, విడుచుట కష్టంగా చేసిన చందాలను, అడుగకుండ బిల్లులో చేర్చిన వస్తువులను నిషేధించినారు. పన్నుల శాఖ సైతం 2019 మార్చిలో, ఒకటి కొనినచో ఒకటి ఉచితమనుట దానం కాదనియు, ఒకే ధరకు రెండు వస్తువుల అమ్మకమే అనియు వివరించినది.

మన కర్తవ్యం

కొనుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఉచిత వస్తువు వద్దన్నచో రొక్కం ధర ఎంత? గడువు పూర్తి అగునప్పటికి నేను కట్టే మొత్తం ఎంత? చందాను విడువవలెనన్నచో ఎట్లు? ఈ మూడింటికి సమాధానం కాగితంపై లభించనిచోట కొనరాదు. ఉచిత వస్తువు పేరు, దాని గ్యారంటీ బిల్లులో వ్రాయించుకొనవలెను. చార్జరు, పవర్ బ్యాంకు వంటివి ఉచితంగా వచ్చినను భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, నమోదు సంఖ్య ఉన్నవో లేదో చూడవలెను. నిప్పు అంటుకొనునప్పుడు అది ఉచిత వస్తువా కాదా అని చూడదు.

2021 అక్టోబరు నుండి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, తనంతట తానే కోసుకొనే చందా సొమ్ము గురించి కనీసం 24 గంటలు ముందుగా మనకు తెలియజేయవలెను. ఆ అనుమతిని మనం రద్దు చేసికొనవచ్చును. అట్టి సందేశాలను చదువక తుడిచివేయుట మనం విడనాడవలసిన అలవాటు. నష్టం జరిగినచో 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో మనం నివసించే చోటనే రెండేండ్లలోపు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల వరకు ఉన్నచో రుసుము లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రతి సంవత్సరం డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినం జరుగుతున్నది. ఆనాడు మన కళాశాలలో బిల్లులు చదువుట, ఫిర్యాదు వ్రాయుట ఉర్దూలోను తెలుగులోను నేర్పినచో, ప్రతి విద్యార్థి తన ఇంటికి ఒక లెక్కల గుమాస్తాగా ఉపయోగపడగలడు. మా నాన్నగారు సంతకం చేసిన కాగితం ఆంగ్లంలో ఉన్నది. ఆ రోజు నేను పక్కనే నిలబడి ఉన్నాను; కాని నా చూపు గడియారం మీద ఉన్నది. చదువుకొనిన నేను ఆ కాగితం చదివి ఉన్నచో చెల్లెలి ఫీజు చెక్కుచెదరకుండ ఉండెడిది.