ఒక్క రేణువులో ఏముంది?

ఒక సంచిలో బియ్యం, మినపగుళ్ళు కలిసి ఉన్నాయనుకోండి. మొత్తం మరలో పోసి పిండి పట్టించారు. ఆ పిండిని పరీక్షించినవారు బియ్యం ఇంత, మినుము ఇంత అని చెప్పగలరు. కాని ఏ గింజలో ఏముండేదో చెప్పలేరు. గాలిలోని ధూళిని వడపోత కాగితం మీద పట్టి, అంతా కలిపి విశ్లేషిస్తే వచ్చే చిక్కు ఇదే. గింజ గింజనూ విడిగా చూడాలి.

చూడటం సులభమా? మనం చెప్పుకోబోయే రేణువు వ్యాసం మిల్లీమీటరులో సుమారు 5 వేలవ వంతు. ఒక గ్రాము తూగాలంటే అటువంటివి కోటి కోట్లకు పైగా కావాలి!

ఇక్కడ అక్కరకు వచ్చేది మాస్ స్పెక్ట్రోమీటరు. అంటే ద్రవ్యరాశిని బట్టి అయాన్లను వేరుచేసే పరికరం. గాలిని సన్నని రంధ్రం గుండా శూన్యంలోకి పీలిస్తే రేణువులు ఒకదాని వెనుక ఒకటి దూసుకువస్తాయి. దారికి అడ్డంగా రెండు లేసర్ కిరణాలుంటాయి. రేణువు ఒక్కొక్క కిరణాన్ని దాటినపుడు ఒక్కొక్క మెరుపు. రెండు మెరుపుల మధ్య కాలాన్ని బట్టి వేగం, వేగాన్ని బట్టి పరిమాణం తెలుస్తాయి. చిన్న రేణువులే ఎక్కువ వేగం అందుకుంటాయి మరి. అది ముందుకు వచ్చే క్షణానికి సరిగ్గా అతినీలలోహిత లేసర్ వెలుగుతుంది. రేణువు ఆవిరై, అందులోని పరమాణువులు కొన్ని అయాన్లుగా మారతాయి.

ఇక పరుగు పందెం. ఒకే ఆవేశం గల అయాన్లన్నిటికీ విద్యుత్ క్షేత్రం ఒకే గతిజశక్తిని ఇస్తుంది. గతిజశక్తి సూత్రం గుర్తు తెచ్చుకోండి: ద్రవ్యరాశి నాలుగు రెట్లయితే వేగం సగమే. లిథియం 7, సిలికాన్ 28. కనుక లిథియం కంటే సిలికాన్ రెట్టింపు కాలం తీసుకుని గమ్యం చేరుతుంది.

అయితే తొందరపడి తీర్పు చెప్పకూడదు. 27 దగ్గర గీత కనబడగానే అల్యూమినియం అంటారు మీరు. రెండు కార్బన్లు, మూడు హైడ్రోజన్లు గల ముక్క కూడా 27 కదా! పక్కనున్న గీతలతో కలిపి చదవాలి. పైగా లిథియం సులువుగా అయానుగా మారుతుంది. దాని గీత ఎత్తుగా ఉన్నంత మాత్రాన లిథియం ఎక్కువని కాదు. కూర్పు ముందే తెలిసిన రేణువులతో పోల్చి చూడాలి.

అమెరికాలో డేనియల్ మర్ఫీ, ఆయన సహచరులు ఇటువంటి పరికరాన్ని విమానంలో ఎక్కించారు. స్ట్రాటో ఆవరణంలోని సల్ఫ్యూరిక్ ఆమ్ల బిందువులలో ఉల్కల లోహాలు ఉన్నాయని 1998లో ప్రకటించారు. 2023 ఆరంభంలో అలాస్కా నుండి నాసా విమానం మళ్ళీ ఆ ఎత్తులకు వెళ్ళింది. ఈసారి అల్యూమినియం, లిథియం, రాగి, సీసం ఉల్కలు ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ కనిపించాయి. నియోబియం, హాఫ్నియం కూడా ఉన్నాయి. రాకెట్లలో వేడిని తట్టుకునే మిశ్రమలోహాలలో వాడేవి ఇవే. అల్యూమినియం, లిథియం, రాగి ఒకే బిందువులో, అంతరిక్ష నౌకల మిశ్రమలోహాలలో ఉండే నిష్పత్తులలోనే ఉన్నాయి. పిండి పట్టిస్తే ఈ సంగతి తెలిసేదా?

అవి తిరిగివస్తూ మండిపోయిన ఉపగ్రహాల, రాకెట్ల అవశేషాలు. మిల్లీమీటరులో 10 వేలవ వంతు కంటే కాస్త పెద్దవైన బిందువులలో నూటికి సుమారు 10 వీటిని మోస్తున్నాయి. ఉపగ్రహాల సంఖ్య ఇప్పుడు తలపెట్టినట్టే పెరిగితే, కొన్ని దశాబ్దాలలో ఇది సగం వరకు చేరవచ్చని ఆ శాస్త్రజ్ఞుల అంచనా. మనల్ని కాపాడే ఓజోన్ పొర ఉన్నది ఆ ఆవరణంలోనే. దానిని హరించే రసాయన చర్యలు కొన్ని జరిగేది ఇటువంటి బిందువుల మీదనే. ఈ లోహాలు చేరితే ఆ చర్యలు ఎలా మారతాయన్నదే వారిముందు ఇప్పుడున్న పరిశోధన.