అవసరమా, అత్యవసరమా? విమానం దిగే వేళ ఒక్క మాట తేడా

ఈ చిక్కు మన పిల్లలకు కొత్త కాదు. ఇంట్లో అమ్మ "నూనె అవసరం" అంటే నూనె కావాలని అర్థం. పక్కింటి తమిళ అక్క "అవసరం" అంటే తొందరగా ఉంది, ఆగడానికి వీల్లేదు అని అర్థం. మాట ఒకటే, బరువు వేరు. మన వీధిలో అయితే నవ్వుకుని సర్దుకుంటాం. ఆకాశంలో సర్దుకోవడానికి టైము ఉండదు.

పోయిన వారం ఎనిమిదో తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు: "పైలట్లు కింద ఉన్నవాళ్ళతో ఏ భాషలో మాట్లాడతారు సార్?" జవాబు ఒక్క ముక్కలో అయ్యేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ఎవరు ఎవరితో మాట్లాడతారు?

విమానాశ్రయం దగ్గర పడేసరికి విమానాలన్నిటినీ ఒక వరుసలో పెట్టి దించే పని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లది. ఎటు తిరగాలి, ఎంత ఎత్తుకు దిగాలి, ఎంత వేగంతో రావాలి అని రేడియోలో చెబుతూ ఉంటారు. దేశదేశాల విమానాలు తిరిగేచోట ఉమ్మడి భాష ఇంగ్లీషు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద చాలా విమానాలు ఉంటాయి, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. ఎదుటి మనిషి ముఖం కనిపించదు. పైలట్లకు చేతినిండా పని ఉండే సమయం కూడా అదే.

న్యూయార్క్, 1990 జనవరి 25

కొలంబియా దేశం నుంచి ఏవియాంకా 52 అనే బోయింగ్ 707 విమానం 158 మందితో న్యూయార్క్ వస్తోంది. అక్కడ వాతావరణం బాగాలేదు, రద్దీ ఎక్కువ. దానిని దారిలో మూడు చోట్ల గాలిలోనే చక్కర్లు కొట్టిస్తూ ఆపారు. మొత్తం 1 గంట 17 నిమిషాలు. ఇంధనం తరిగిపోయింది.

రేడియోలో మాట్లాడుతున్నది కో-పైలట్. మాకు ప్రయారిటీ కావాలి అన్నాడు. ఇంకో 5 నిమిషాలే ఆగగలం, వేరే విమానాశ్రయానికి వెళ్ళేంత ఇంధనం కూడా లేదు అన్నాడు. అయితే తర్వాత విమానాన్ని అందుకున్న కంట్రోలర్లకు ఈ సంగతి పూర్తిగా చేరలేదు. మొదటిసారి దిగబోతే గాలి తాకిడికి కుదరలేదు, మళ్ళీ పైకి లేచారు. అప్పుడు కెప్టెన్, మనం ఎమర్జెన్సీలో ఉన్నామని వాళ్ళకు చెప్పు అన్నాడు. కో-పైలట్ మాత్రం, ఇచ్చిన దిశను తిరిగి చెబుతూ చివర్లో, ఇంధనం అయిపోతోంది అని కలిపాడు. ఎమర్జెన్సీ అనే మాట ఒక్కసారి కూడా రేడియోలో వెళ్ళలేదు. మెల్లగా ఇంకో చుట్టు తిప్పి తెస్తాను, మీ ఇంధనానికి సరిపోతుందా అని కంట్రోలర్ అడిగాడు కూడా. సరిపోతుందనుకుంటాను, థాంక్స్ అనే అర్థంలో జవాబు వెళ్ళింది.

కొద్ది నిమిషాలకే నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. విమానం లాంగ్ ఐలాండ్‌లో కోవ్ నెక్ అనే ఊరి గుట్ట మీద కూలింది. 73 మంది చనిపోయారు. ట్యాంకుల్లో ఇంధనమే లేదు కాబట్టి మంటలు కూడా లేవలేదు.

విమాన సిబ్బంది ఇంధనాన్ని సరిగా చూసుకోలేదని, ప్రమాదాన్ని స్పష్టంగా చెప్పలేదని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. రద్దీని సరిగా నడపకపోవడం, ఇంధనం తక్కువైతే ఏ మాట వాడాలో అందరికీ ఒకేలా తెలియకపోవడం కూడా కారణాలేనని చెప్పింది. ఆ సాయంత్రం ఇంధనం తక్కువ అని చెప్పడం కంట్రోలర్లకు మామూలు మాటలా వినిపించింది. మన "అవసరం" లాంటిదే ఇది.

ఇంకో రెండు పాఠాలు

1989 ఫిబ్రవరి 19న ఒక సరుకుల విమానం మలేషియాలోని కౌలాలంపూర్‌లో దిగబోతోంది. కంట్రోలర్ చెప్పిన ఎత్తు 2,400 అడుగులు. అంకెలు విడివిడిగా, "టూ ఫోర్ జీరో జీరో" అన్నాడు. మొదటి "టూ" అంటే రెండు. సిబ్బందికి అది "400కి దిగండి" అన్నట్టు వినిపించింది. వాళ్ళు ఫోర్ జీరో జీరో అని తిరిగి చెప్పారు, అది తప్పని ఎవరూ పట్టుకోలేదు. విమానం కొండను గుద్దుకుని నలుగురూ మరణించారు.

1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయారు. ఢిల్లీలో దిగబోతున్న కజకిస్తాన్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు, అది ఇంకా కిందికి దిగింది. సౌదీ విమానం 14,000 అడుగుల ఎత్తులో ఎదురొస్తోంది. కజక్ విమానంలో కంట్రోలర్‌తో ఇంగ్లీషులో మాట్లాడేది రేడియో ఆపరేటర్, విమానం నడిపేది వేరేవాళ్ళు.

తర్వాత ఏం చేశారు?

చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పాలి, దీన్ని రీడ్‌బ్యాక్ అంటారు. చెప్పినవాడు ఆ తిరిగి చెప్పింది చెవిపెట్టి వినాలి. కౌలాలంపూర్‌లో తప్పింది ఈ రెండో మెట్టే. "రోజర్" అంటే విన్నాను అనే అర్థం, ఒప్పుకున్నాను అని కాదు. 9ని "నైనర్" అంటారు, "ఫైవ్"తో కలవకుండా. ఇంధనం మరీ ప్రమాదంగా ఉంటే "మేడే" అని మూడుసార్లు అని "ఫ్యూయెల్" అనాలి. ఆ మాట వింటే ఎవరికీ సందేహం ఉండదు.

అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్లు, వాళ్ళతో మాట్లాడే కంట్రోలర్లు ఇంగ్లీషులో కనీసం నాలుగో స్థాయి చేరాలని కూడా నియమం వచ్చింది. అందులో యాస ఉండటం తప్పు కాదు, ఎదుటివాడికి అర్థం కాకపోవడమే తప్పు. మన తెలుగు యాస వినపడుతుందని సిగ్గుపడి నోరు విప్పని పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మన తరగతిలో

ఒక ఆట ఆడి చూడండి. ఇద్దరు వీపు వీపు ఆనించి కూర్చోవాలి. ఒకరు బొమ్మ చూసి చెబుతారు, రెండోవారు గీస్తారు. మొదటిసారి ఊరికే వింటూ గీయాలి. రెండోసారి ప్రతి మాటా తిరిగి చెప్పి గీయాలి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడండి.

అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పండి సార్" అనండి. పైలట్లు అదే అంటారు, ఎవరూ వాళ్ళను కోప్పడరు. ఇక్కడా కోప్పడం. కష్టం వచ్చినప్పుడు మర్యాద కోసం మాట తగ్గించకండి. కడుపునొప్పి ఎక్కువగా ఉంటే "కొంచెం బాగోలేదు టీచర్" అనకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.