మంచం పక్కన కుర్చీ

"వాళ్లమ్మని ఆశ్రమంలో పడేశారట." వృద్ధాశ్రమం ప్రస్తావన వస్తే మన నోట ముందు పలికేది ఆ మాటే, 'పడేయడం'. వినడానికి కఠినంగా ఉన్నా దాని వెనకున్న భయం నిజమైనదే. అక్కడ అమ్మని పేరు పెట్టి పిలిచేవాళ్లుండరనీ, రాత్రి దాహమేస్తే నీళ్లిచ్చే దిక్కుండదనీ ఆ భయం. మతసంస్థలు నడిపే చిన్న ఆశ్రమాల్లో మంచివి ఈ భయాన్ని ఎలా పోగొడతాయో తెలుసుకోవాలంటే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే క్యాథలిక్ కన్యాస్త్రీల సంస్థ కథ దగ్గర మొదలుపెట్టాలి.

1839 చలికాలం. ఫ్రాన్స్‌లో సెయింట్ సెర్వాన్ అనే ఊరు. ఇళ్లలో పనిచేసుకు బతికే జాన్ జుగాన్‌కి అప్పుడు 47 ఏళ్లు. చూపు లేక, ఒళ్లు చచ్చుబడిన ఒక ముసలావిడని ఇంటికి తెచ్చుకుని, తన మంచం ఆమెకిచ్చి తాను అటక మీద పడుకుంది. తర్వాత ఇంకొకరు వచ్చారు, ఆ పైన మరికొందరు. వాళ్లలో అడుక్కుని బతికినవాళ్లూ ఉన్నారు. ఏయే ఇళ్ల ముందు నిలబడేవాళ్లో వాళ్లనే అడిగి తెలుసుకుని, వాళ్ల బదులు తాను బుట్ట పట్టుకుని ఆ గడపలు తొక్కింది. నన్ను ఎక్కువ కదిలించేది ఇదే. అన్నం పెట్టడం ఒక ఎత్తు, వాళ్ల చేయిచాపే సిగ్గుని తన మీద వేసుకోవడం ఇంకో ఎత్తు.

ఆమె అలా మొదలుపెట్టిన లిటిల్ సిస్టర్స్ సంస్థ 1882లో కలకత్తా వచ్చింది. మన సికింద్రాబాద్‌లోనూ వాళ్ల ఆశ్రమం ఉంది. 2009లో జాన్ జుగాన్‌ని పునీతురాలిగా ప్రకటించారు.

కన్యాస్త్రీలు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు వ్రతాలు పడతారు. ఈ సిస్టర్లు నాలుగోది కూడా పడతారు, అది ఆతిథ్యం. ఏ మతం వాళ్లయినా సరే, గడప దాటి వచ్చిన ముసలివాళ్లు వాళ్లకి అతిథులు. స్థిరమైన రాబడి మీద ఆధారపడకూడదన్నది మరో నియమం. అందుకే నేటికీ బజార్లకీ దుకాణాలకీ వెళ్లి అడిగి తెచ్చుకుంటారు. ఏదైనా సరుకు అడుగంటుతుంటే దానిలో కాస్త తీసి పునీత జోజప్ప (సెయింట్ జోసెఫ్) స్వరూపం ముందు పెట్టి ప్రార్థించడం వాళ్ల అలవాటు.

ఇలాంటి చోట ప్రార్థన దేవుడి కోసమే కాదు, రోజుకి ఒక నడక ఇవ్వడానికి కూడా పనికొస్తుంది. ముసలితనంలో పొద్దు ఒక పట్టాన గడవదు. పొద్దున గంట, తర్వాత పూజ, సాయంత్రం జపమాల ఉంటే, మతిమరుపు వచ్చినావిడకి కూడా ఇప్పుడు ఏ వేళయిందో చెవికి తెలుస్తుంది. గుడికి అనుబంధంగా నడిచే ఆశ్రమంలో హారతి గంట చేసే పనీ ఇదే. అయితే ప్రార్థనకి రాకపోతే మొహం మాడ్చుకునే చోటు ఎంత శుభ్రంగా ఉన్నా మంచిది కాదు. చేర్చేముందు నేరుగా అడగండి: మా అమ్మ తలగడ పక్కన తన దేవుడి పటం పెట్టుకోవచ్చా?

భక్తి ఉన్నంత మాత్రాన సేవ దానంతటదే జరిగిపోదు. మంచాన పడ్డవాళ్లని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. లేకపోతే నడుం కింద, మడమల దగ్గర ఒత్తుకుపోయి పుండ్లు పడతాయి. అవి మానడం చాలా కష్టం. వయసు మీదపడితే దాహం అంతగా తెలియదు కాబట్టి, అడిగినా అడగకపోయినా నీళ్లో మజ్జిగో చేతికివ్వాలి. చీకట్లో స్నానాలగదికి వెళ్తూ జారిపడకుండా దీపం, పట్టుకోవడానికి గోడకి కడ్డీ ఉండాలి. చిన్న ఆశ్రమం బలం ఇక్కడే తెలుస్తుంది. ఫలానా తాతగారు ఇవాళ జావ సగం వదిలేశారని ఆయాకి వెంటనే తెలుస్తుంది. బలహీనత కూడా అక్కడే ఉంది: ఇద్దరే ఆయాలున్నచోట ఒకరికి జ్వరమొస్తే ఆ రాత్రి తిప్పేవాళ్లుండరు. అందుకే గదులు, తోట చూసి తృప్తిపడకుండా, రాత్రి మేలుకుని ఉండేదెవరో, ఎంతమందికి ఒకరో అడగాలి.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, నిరుపేద వృద్ధుల కోసం రాష్ట్ర ప్రభుత్వాలు జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, కనీసం 150 మందికి చోటుండేలా పెట్టవచ్చని చెప్పింది. 'పెట్టవచ్చు' అందే గాని 'పెట్టి తీరాలి' అనలేదు. ఆ ఖాళీని కొంతవరకు పూడుస్తున్నది ఇలాంటి సంస్థలే. వాటికీ మనుషుల కొరత ఉంది. సన్యాసం తీసుకునేవాళ్లు తగ్గడంతో విదేశాల్లో ఈ సిస్టర్లు కొన్ని ఆశ్రమాలు వదులుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఎవరూ పట్టించుకోక అల్లాడే పెద్దవాళ్లు సాయం కోసం వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయవచ్చు.

ఇక చివరి ఘడియల సంగతి. లిటిల్ సిస్టర్స్ ఆశ్రమాల్లో ఎవరికైనా అంత్యకాలం దగ్గరపడిందని తెలిస్తే, ఆ మంచం పక్కన రాత్రీ పగలూ ఎవరో ఒకరు కూర్చుంటారు. ఒకరు లేస్తే ఇంకొకరు వస్తారు. చెయ్యి పట్టుకుని, పెదవులు తడిపి, మెల్లగా ప్రార్థన చెబుతారు. సిస్టర్లు వంతులవారీగా చేసే ఈ పనిలో కొడుకులకీ కూతుళ్లకీ ఒక వంతు ఎప్పుడూ ఉంటుంది. ఆ కబురు వచ్చినప్పుడు బయల్దేరడం ఆలస్యం చేయకండి.