ముల్లు నడుమనే ఉండగా

యాసంగి వరికోతలు ముగియు దినములలో, హాలియా మొదలుకొని మిర్యాలగూడ వరకు ధాన్యపు ట్రాక్టర్లు బారులు తీరి రైసుమిల్లులకు సాగుచుండగా, ఆ బారులో ఎక్కడనో ఒకచోట బానెట్టు పైకెత్తి, తెల్లని ఆవిరి చిమ్ముచు, దారి నడుమ నిలిచిపోయిన బండి యొకటి కంటబడక మానదు. దేవరకొండ వైపు తోటల బత్తాయిని హైదరాబాదునకు మోయు పికప్పులకును, హాజీపూరు దాటి మన్ననూరు ఘాటు నెక్కు డీజిలు బండ్లకును ఈ యవస్థ క్రొత్తది కాదు. అట్టి యింజను నొకదానిని మిర్యాలగూడ శివారు షెడ్డులో విప్పుచుండగా నేను చూచితిని. బండి గలవాడు నెత్తి పట్టుకొని, "ముల్లు నడుమనే ఉండె గదనే మిస్త్రీ, ఇంజన్ ఎట్ల సీజయింది?" అని యడిగెను. మిస్త్రీ పానా క్రింద పెట్టకయే, "రేడియేటర్ల నీళ్లే లేకపాయె, ముల్లు ఏం జూపిస్తది తమ్మీ!" అని బదులు చెప్పెను.

ఆ మాటలో ఒక శాస్త్రవిషయమే యిమిడియున్నది. ఇంజనునందలి ఉష్ణోగ్రతను కొలుచు సెన్సరు నీటిలో మునిగియున్నంతవరకే నిజము చెప్పును. పైపు పగిలి నీరంతయు కారిపోయిన పిమ్మట దానిచుట్టును గాలియు ఆవిరియు మాత్రమే మిగులుటచే, ప్రక్కనే ఇనుము కాలిపోవుచున్నను అది చల్లని మాటయే చెప్పును. ఇది యట్లుండగా, బండితో వచ్చిన మీటరునందే మరియొక లోపము కలదు. డ్రైవరు ఊరక కంగారుపడకుండుటకై, నేటి బండ్లు పెక్కింటిలో దాదాపు 80 డిగ్రీల నుండి నూరు దాటువరకు ముల్లు నడుమనుండి కదలనట్లుగా నిర్మాతలు అమర్చుచున్నారు. ఆయిలు దీపమును అట్టిదే. ఇంజను నడుచునపుడు మూడు నాలుగు కిలోలుండవలసిన ఆయిలు పీడనము, చదరపు సెంటీమీటరునకు అరకిలోకు కాస్త అటునిటుగా పడిపోయినగాని ఆ యెఱ్ఱదీపము వెలుగదు. అది వెలుగునప్పటికి బేరింగులు తమ నష్టమును అనుభవించియే యుండును.

ఈ కారణముచేతనే బరువు లాగు బండ్లకు వేరుగా మీటర్లు బిగించుకొను ఆచారము పుట్టినది. అమెరికాలో గుఱ్ఱముల ట్రైలర్లను లాగు డీజిలు పికప్పుల వారు ముందరి అద్దము ప్రక్క స్తంభముననే రెండు మూడు మీటర్లు వరుసగా బిగించుకొందురు. మనకు ఆ లాగుడంతయు ట్రాక్టరుది, తరువాత పికప్పుది. అయితే అలంకారమునకై డ్యాష్‌బోర్డు నిండ గడియారములు నింపుట వ్యర్థమనియు, మన బరువు, మన దారి, మన నీరు ముందుగా దేనిని చెరచునో దానికి మాత్రమే మీటరు కొనవలెననియు నా దృఢమైన అభిప్రాయము.

ఈ సీమలో ముందుగా చెడునది నీటి మార్గము. నల్లగొండ బోరునీటి ఫ్లోరైడు సంగతి దేశమంతయు ఎరుగును. కాని ఆ నీటిలోనే కరిగియున్న తక్కిన లవణములు రేడియేటరులో చేయు హాని సంగతి తలచువారు తక్కువ. కాగుబిందె అడుగున పేరుకొను తెల్లని పెళుసుపొరను చూడుడు. దారిప్రక్క బోరునుండి ముంచి పోసిన నీటితో రేడియేటరు సన్నని గొట్టములలోను ఆ పొరయే గట్టిపడి, వేడిని బయటికి పోనీయదు. దీనికి తోడు కోతకాలమున గాలిలో తేలు పొట్టు, దుమ్ము వచ్చి ముందరి జాలికి అట్టగట్టును. కావున అంకెలు స్పష్టముగా వ్రాసియున్న ఉష్ణోగ్రత మీటరు మొదటిది. నీటిమట్టము తగ్గగానే కూత పెట్టు అలారము దానికి తోబుట్టువు. ఆ షెడ్డులోని యింజనును ఆ కూత యొక్కటియే రక్షించియుండును.

రెండవది ఆయిలు పీడనపు మీటరు. దీనిలోపలి ఉపాయమును 1849లో ఫ్రెంచి దేశస్థుడగు యూజీన్ బూర్డాన్ కనిపెట్టెను. జాతరలో పిల్లలు ఊదు కాగితపు బూర ఊదినంతసేపు చుట్ట విప్పుకొని, ఊపిరి ఆపగానే మరల ముడుచుకొనును గదా. అట్లే, వంచిన చదునైన ఇత్తడి గొట్టములోనికి ఆయిలు త్రోసుకొని రాగానే గొట్టము కొంచెము విప్పుకొనును, ఆ కదలికయే ముల్లును త్రిప్పును. ఇందు విద్యుత్తుతో పని లేదు గనుక అది నమ్మదగినదే. కాని కాగిన ఆయిలును క్యాబినులోనికి తెచ్చు గొట్టము చౌక ప్లాస్టిక్కుది అయినచో, అది తెగిన దినమున డ్రైవరు కాళ్లు కాలును. రాగి గొట్టము వేయించుట, లేదా సెన్సరుతో నడచు విద్యుత్ మీటరు కొనుట మేలు. సెన్సరు, మీటరు ఒకే జతవై యుండవలెను. ఒక కంపెనీ మీటరునకు వేరొక కంపెనీ సెన్సరును తగిలించిన చూపు తప్పుడు అంకె కంటె అసలు మీటరు లేకుండుటయే నయము. మరలకు టెఫ్లాన్ టేపు మందముగా చుట్టి బిగించినచో సెన్సరునకు ఎర్తు అందక, మీటరు అబద్ధమాడును.

మూడవది టర్బో గల బండ్లకు మాత్రమే: పొగగొట్టపు వేడిని చూపు పైరోమీటరు. రెండు వేర్వేరు లోహపు తీగలను కలిపి ఆ ముడిని వేడిచేసిన విద్యుత్తు పుట్టునని 1821లో జర్మను శాస్త్రజ్ఞుడు సీబెక్ గ్రహించిన సత్యముపైననే ఇది పనిచేయును. డీజిలింజనులో ఇంధనము హెచ్చిన కొలది మంట వేడియు హెచ్చును; నల్లపొగ చిమ్ముచు ఘాటెక్కు బండి తన పిస్టన్లను తానే కాల్చుకొనుచున్నదని తెలియవలెను. పిస్టనునందలి ప్రధాన లోహమగు అల్యూమినియము శుద్ధమైనదైనను 660 డిగ్రీలకు కరగును. పిస్టనును ఆయిలు చల్లబరచుచుండుటచే అంతలో కరగిపోదుగాని, పొగ వేడి 700 డిగ్రీలు దాటి చాలసేపు నిలుచుట క్షేమము కాదు. బలము కొరకు డీజిలు పంపు పెంచించుకొన్నవారికి ఈ మీటరు తప్పనిసరి. దాని కొసను టర్బోకు ముందే అమర్చవలెను. తరువాత పెట్టినచో, టర్బోను త్రిప్పుటలో చల్లబడిన వాయువునే అది కొలుచును. టర్బో లేని ట్రాక్టరునకు ఈ ఖర్చు వలదు. ఆ ధనముతో గాలి ఫిల్టరు మార్పించుట మేలు. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఇట్టి సెన్సర్లు పెక్కు ముందే యుండును గనుక, స్టీరింగు క్రింది ఓబీడీ సాకెటుకు తగిలించు చిన్న రీడరుతో ఆ యంకెలను చదువవచ్చును. గ్యారంటీలో నున్న బండికి రంధ్రములు వేయించుటకు ముందు డీలరు నడుగుట మంచిది. బ్యాటరీ ఓల్టు మీటరు చౌక. పెట్టిన తప్పులేదు, అంతకు మించి చెప్పదగినది లేదు.

కొన్న మీటరు సత్యవాదియో కాదో ఇంటిలోనే తెలిసికొనవచ్చును. బిగించుటకు ముందు దానికి బ్యాటరీ కలిపి, సెన్సరు ఒంటికి ఎర్తు తీగ చుట్టి, దాని కొసను పొయ్యిమీద తెర్లుచున్న నీటిలో ముంచుడు. మహబూబునగరము సముద్రమట్టమునకు దాదాపు 500 మీటర్ల ఎత్తున నున్నందున అచ్చట నీరు 98 డిగ్రీలకే తెర్లును. ముల్లు ఆ దరిదాపుల నిలిచిన మీటరు మంచిది, 85 చూపిన దానిని అంగడికి తిరిగి యిచ్చివేయుడు.

అంకె యెరుగని డ్రైవరునకు మీటరు ఉన్నను లేనట్లే. ఈగలపెంట దిగి కృష్ణను చూచి వచ్చి, మరల ఆ మలుపులెక్కునపుడు వేడి పెరిగినచో యాక్సిలరేటరు ఇంకను త్రొక్కుట కాక, గేరు దించి మెల్లగా పోవలెను. చిన్న గేరులో ఫ్యాను, నీటి పంపు త్వరగా తిరిగి, ఇంజనుపై భారము తగ్గును. పైకి చేరగానే తాళము తిప్పి ఆపక, రెండు మూడు నిమిషములు ఐడిలులో నుంచి టర్బోను చల్లారనీయవలెను. బండి మాన్యువలు వేరుగా చెప్పనిచో, ఇంటి బండియైనను కిరాయి డ్రైవరు బండియైనను, మీటరు క్రింద తెల్లని పెయింటుతో తెలుగులో రెండు ముక్కలు వ్రాయించుడు: 95 అయితే గేరు దించు, 105 అయితే బండి ఆపు.