కాకతాళీయమూ, ఆగిపోయే ఇంజనూ

మన పెద్దలు చెప్పిన లౌకిక న్యాయాలలో కాకతాళీయ న్యాయం ఒకటి. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలింది. అదే క్షణాన తాటిపండు నేల రాలింది. కాకి వ్రాలడం వల్లనే పండు రాలినదని చూచినవాడు నమ్మినాడు. పండు అప్పటికే మిగుల ముగ్గి ఉన్నదేమోనన్న ఆలోచన అతనికి తోచలేదు. ఈ న్యాయానికి ఉదాహరణ కోసం నేడు తాటితోపుల వెంట తిరగనక్కరలేదు. నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత మోటారుకారు ఒకటి ఇంట ఉంటే చాలును.

పాత కారనగానే మనకు ముందుగా స్ఫురించేది అంబాసిడర్. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండిని అనుసరించి, బెంగాలులోని ఉత్తరపారాలో 1957లో మొదలైన దాని నిర్మాణం 2014లో నిలిచిపోయింది. కలెక్టరుగారినీ మంత్రిగారినీ పెండ్లికొడుకునూ సమానంగా మోసిన ఆ బండ్లు కొన్ని నేటికీ అభిమానుల ఇండ్లలో ప్రాణాలతో ఉన్నవి. వాటి యజమానులు తరచు చెప్పుకొనే బాధ ఒక్కటే: "ఉదయం చక్కగా బయలుదేరుతుంది. పది మైళ్ళు పోగానే ఆగిపోతుంది. అరగంట గడిస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదులుతుంది."

ఆ అరగంటలోనే కాకి వచ్చి వ్రాలుతుంది. మెకానిక్కు వస్తాడు, కండెన్సరు మారుస్తాడు, ఈలోగా ఇంజను చల్లారుతుంది, బండి కదులుతుంది. కీర్తి కండెన్సరుకు దక్కుతుంది. మరుసటి వారం రైలుగేటు నడుమ బండి మళ్ళీ నిలుస్తుంది. ఈసారి కాయిలు, ఆపైన పంపు, చివరకు కార్బురేటరు మారుతవి. రోగం మాత్రం చెక్కుచెదరదు. డబ్బు పోవడం ఒక నష్టం. అంతకంటె పెద్దది మరొకటున్నది: యాభై ఏండ్లు నమ్మకంగా పనిచేసిన అసలు భాగాలు పాత ఇనుముల కొట్టుకు చేరుతవి. నిర్మాణమే నిలిచిపోయిన బండికి అవి మళ్ళీ దొరకడం సులభం కాదు.

దీనికి విరుగుడు కూడ మన తర్కశాస్త్రమే చెప్పింది. ఒకటి ఉంటే మరొకటి ఉండడం అన్వయం. అది లేకుంటే ఇదీ లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండూ కుదిరినప్పుడే దానిని కారణమనవలె.

పెట్రోలు ఇంజనుకు కావలసినవి మూడు: తగు పాళ్ళలో గాలీ పెట్రోలూ, ఆ మిశ్రమాన్ని నొక్కిపట్టే ఒత్తిడి, సరియైన క్షణాన నిప్పురవ్వ. చల్లారగానే మళ్ళీ చక్కగా నడిచే ఇంజనులో ఒత్తిడికి సాధారణంగా లోపముండదు. ఇక మిగిలినవి పెట్రోలు, నిప్పు. ఈ రెంటిలో అపరాధి ఏదో ఇంజను ఆగే తీరే కొంత చెబుతుంది. మీట నొక్కి దీపమార్పినట్టు ఒక్కసారిగా ఆగితే విద్యుత్తును శంకించవలె. దగ్గుతూ, కుదుపులిస్తూ, బలం సన్నగిల్లి ఆగితే పెట్రోలును శంకించవలె. ఇది అనుమానమే, ప్రత్యక్షం ఇంకా మిగిలి ఉన్నది.

ప్రత్యక్షానికి ఆలస్యం పనికిరాదు. ఇంజనుతోబాటు సాక్ష్యం కూడ చల్లారిపోతుంది. కనుక బండిని బాట ప్రక్కకు చేర్చి, ఆగిన వెంటనే, వేడిగా ఉండగానే చూడవలె. ముందు నిప్పు. ఒక ప్లగ్గును ఊడదీసి, దాని తీగకే తగిలించి, ఇంజను లోహానికి ఆనించి సెల్ఫు త్రిప్పించితే రవ్వ కనబడవలె. తీగను వట్టి చేతితో పట్టరాదు. చుట్టుపట్ల పెట్రోలు చుక్క కూడ ఉండరాదు. రవ్వ లేకున్నా, పాలిపోయి ఉన్నా, కాయిలు, కండెన్సరు, పాయింట్లు విచారణకు వస్తవి. వేడెక్కినకొద్దీ లోపల తెగి, చల్లారగానే కలిసికొనే గుణం పాతబడిన కాయిలుకూ కండెన్సరుకూ ఉన్నది. పాయింట్ల నడుమ ఎడం సుమారు 0.4 మిల్లీమీటరు ఉండవలె.

రవ్వ బలంగా ఉంటే ఇంజనును కొంత చల్లారనిచ్చి కార్బురేటరు ఫ్లోటు గిన్నె మూత విప్పవలె. గిన్నె ఎండి ఉన్నదంటే పెట్రోలు దారిలో ఎక్కడో నిలిచినది. ఇచ్చట అన్నిటికంటె అల్పమైనదానితో ప్రారంభించడం మేలు. ట్యాంకు మూతలో గాలి పోవడానికి సన్నని రంధ్రముంటుంది. అది మూసుకొనిపోతే పెట్రోలు తరిగినకొద్దీ ట్యాంకులో శూన్యమేర్పడి, పంపు ఎంత లాగినా చుక్క రాదు. మూత వదులు చేయగానే బుస్సుమని గాలి లోపలికి పోయి, బండి నడిచిందా, అన్వయం కుదిరింది. మూత బిగించగానే మళ్ళీ ఆగిందా, వ్యతిరేకమూ కుదిరింది. అపరాధి గుండుసూది మొనతో పోయే మట్టి!

అది కాకుంటే మన ఎండల మాట. వేసవిలో, నెమ్మదిగా సాగే రద్దీలో, ఇంజను ప్రక్కనుండి పోయే గొట్టంలో పెట్రోలు ఆవిరి అవుతుంది. ద్రవాన్ని నెట్టే పంపు ఆవిరిని నెట్టలేదు. తడిగుడ్డ చుట్టి గొట్టాన్నీ పంపునూ చల్లార్చగానే బండి కదిలితే, ఇంజను తక్కిన భాగం వేడిగానే ఉన్నది గనుక, ఆ సాక్ష్యానికి విలువ ఉన్నది. అప్పుడు చేయవలసినది పంపు మార్చడం కాదు, గొట్టాన్ని వేడికి దూరంగా జరపడం.

నేటి కాలం తెచ్చిన చిక్కు మరొకటి. మన దేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఆ పెట్రోలును ఎరగని కాలపు రబ్బరు గొట్టాలు మెత్తబడి చిట్లవచ్చును. ట్యాంకు అడుగున పేరుకొన్న మడ్డి కదలి జెట్టులో అడ్డుపడవచ్చును. మిశ్రమం కూడ పలచబడుతుంది. చోకు కొంచెం లాగినంతనే ఇంజను నిలకడగా నడిస్తే, పెట్రోలు పాలు చాలడం లేదనియో, ఎక్కడో దొంగచాటుగా గాలి చొరబడుతున్నదనియో గ్రహించవలె.

ఇక ఎవరైనా ఒక భాగం మార్చి "బాగైంది" అంటే పాఠకులు ఒక్క పని చేయవలె. బండి ముందు ఆగినంత దూరమూ, అంత ఎండలోనూ మళ్ళీ నడిపి చూడవలె. వీలుంటే పాత భాగాన్నే తిరిగి బిగించి చూడవలె. రోగం తిరిగి వస్తే ఆ భాగమే దోషి. రాకుంటే దానిని పారవేయక తుడిచి దాచవలె, అది నిరపరాధి. మంచి మెకానిక్కు ఈ పరీక్షకు కోపగించడు. అతడు చెవితో విని, వ్రేలితో తాకి, ఒకదాని తరువాత ఒకదానిని త్రోసిపుచ్చుతూ చేసేది ఈ తర్కమే. దానికతడు పేరు పెట్టలేదు, అంతే. అట్టివారు మన ఊళ్ళలో అరుదవుతున్నారు. తాళ్ళూ కాకులూ మాత్రం ఎప్పుడూ ఉంటవి.