పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో మగ్గం

షోలాపూర్ తూర్పు భాగంలోని పద్మశాలి వాడల్లో పెరిగిన విద్యార్థికి పాశ్చాత్య తత్త్వశాస్త్రం పరాయి విద్యగా తోచడం సహజం. ప్లేటో, డెకార్ట్, మార్క్స్ అన్నవి పరీక్షకోసం వల్లె వేయవలసిన పేర్లు మాత్రమే అనిపిస్తుంది. నిజానికి చిక్కు ప్రశ్నలు ఎదురైనప్పుడు వారు పలుమార్లు మగ్గం దగ్గరికే వచ్చారు. పడుగూ పేకా ఎరిగినవారికి ఈ చరిత్రలోకి అదే దగ్గరి దారి.

ప్లేటో రాసిన 'ఫీడో'లో సోక్రటీసు మరణదినాన ఆత్మ నిత్యమా అన్న చర్చ జరుగుతుంది. సెబీస్ అనే మిత్రుడు ఒక ముసలి నేతగాడి ఉదాహరణ చెబుతాడు. అతడు ఎన్నో బట్టలు నేసి, కట్టి, అరగదీశాడు. చివరి బట్ట చినగకముందే తాను పోయాడు. ఆత్మ కూడా ఎన్నో దేహాలు ధరించి చివరి దేహంకంటె ముందే నశించవచ్చు కదా అని సెబీస్ సందేహం. గీతలో దేహాన్ని వస్త్రంతో పోల్చింది ఆత్మ నిత్యమని చెప్పడానికి. ఇక్కడ అదే పోలిక శంకకు ఆధారమైంది. సోక్రటీసు ఆ శంకను కొట్టివేయలేదు. చాలాసేపు మౌనంగా ఆలోచించి జవాబుకు పూనుకున్నాడు. మరో సంభాషణలో ప్లేటో పాలకుణ్ణే నేతగాడిగా చూపాడు: ధీరులు గట్టి పడుగు, శాంతస్వభావులు మెత్తని పేక.

ఆయన శిష్యుడు అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) నాడె తనంత తానే నేయగలిగితే యజమానులకు బానిసలతో పని ఉండదన్నాడు.

మధ్యయుగంలో తత్త్వచింతన దైవశాస్త్రానికి తోడుగా సాగింది. అగస్టీన్, అక్వైనాస్ ఆ కాలపు పెద్దలు. మన మగ్గానికి అక్కడ పని తక్కువ.

ఆధునిక యుగానికి ఆద్యుడైన డెకార్ట్ (1596–1650) బుద్ధికి నియమాలు రాస్తూ, పెద్ద విషయాల జోలికి పోకముందు నేత, తివాచీల పని వంటి వాటిలోని క్రమాన్ని పరిశీలించమన్నాడు. జ్ఞానానికి మూలం బుద్ధా, అనుభవమా అని లాక్, హ్యూమ్, కాంట్‌ల దాకా సాగిన వాదం కూడా ఈ యుగానిదే.

మార్క్స్ 'పెట్టుబడి' (1867)లో అరిస్టాటిల్ మాటను మళ్ళీ ఎత్తుకున్నాడు. యంత్రం వచ్చి నాడెను ఆడించింది. పనిగంటలు తగ్గలేదు సరికదా పెరిగాయి. ఇంగ్లండులో చేనేతవారు ఆకలికి బలయ్యారు.

తెలంగాణ నుంచి వలసవచ్చి చేతిమగ్గాలు వేసిన షోలాపూర్ పద్మశాలీలు తర్వాత మరమగ్గాలకు మారారు. వాటిమీద దుప్పట్లు, తువ్వాళ్ళు నేశారు. మరమగ్గంలో నాడెను విసిరేది మోటారు. పోగు తెగితే అతకడానికి మాత్రం పక్కన మనిషి నిలబడాలి. అరిస్టాటిల్ ఆ మనిషిని లెక్కలో వేసుకోలేదు.